తొంభై రోజుల షరతు

లా చదివి, ఆదిలాబాద్‌లోనే ఒక జిన్నింగ్ మిల్లులో పూర్తికాలం ఉద్యోగానికి చేరాను. కొనుగోళ్ల అగ్రిమెంట్లు, పర్చేజ్ ఆర్డర్లు రాయడం నా పని. ఈ పత్తి సీజన్ నుంచి చిన్న సప్లయర్లందరికీ ‘90 రోజులకు చెల్లింపు’ అని రాయమన్నారు మా మేనేజర్. స్పేర్ పార్టులు చేసిచ్చే లేత్ షాపులవాళ్లు బండి సీటు మీద కాగితం పెట్టుకుని, చదవకుండానే సంతకం చేసి పోతున్నారు. మా చిన్నాయనా వాళ్లలో ఒకరు. ‘నువ్వున్నవ్ గద బిడ్డా, నేను చదివేదేముంది’ అంటాడు. రాయనంటే ఉద్యోగం పోతుంది, రాస్తే ఇంట్లో మొహం చూపలేను. చిన్నాయనకు చాటుగా చెప్పనా? ఖాళీ దొరికినప్పుడు మా సీనియర్ లాయరు గారి కేసులకు కోర్టుకూ వెళ్తుంటాను.
– ఒక సోదరి, ఆదిలాబాద్

జవాబు: చాటుగా వద్దమ్మా. మీకు జీతమిస్తున్నది మిల్లు. ముందు చుట్టరికం సంగతి మేనేజర్‌కు రాసిచ్చి, చిన్నాయన ఫైలు ఇంకొకరికి అప్పగించమనండి. ఆ తర్వాత మీరేం చెప్పినా బంధువు కోసం చెబుతోందని ఎవరూ అనలేరు.

అసలు ఆ షరతే చెల్లదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకూడదు. సరుకు అంగీకరించిన రోజు నుంచి లెక్క. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ‘సంతకం చేశాడు కదా’ అన్న వాదన నిలవదు.

ఓనర్లకు ధర్మం చెబితే చెవికెక్కదు, పన్ను లెక్క చెప్పండి. 2023 బడ్జెట్ తెచ్చిన మార్పుతో, గడువు దాటి ఏడాది చివరికీ తీరని ఇలాంటి బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వరు, కట్టిన ఏడాదే చూపుకోవాలి. ఆలస్యానికి కట్టిన వడ్డీనైతే ఎప్పటికీ ఖర్చుగా ఒప్పుకోరు. బేళ్ల డబ్బు ఆలస్యంగా వస్తోందని మిల్లు అనవచ్చు. నిజమే కావచ్చు. కానీ బేళ్లు కొన్నవాళ్లను గట్టిగా అడగలేక లేత్ షాపు మీద పడటం నాకు నచ్చదు.

వెండర్ ఫారంలో ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) నంబరుకు ఒక గడి పెట్టండి. 45 రోజుల రక్షణ తయారీ, సేవల వాళ్లకే. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా వర్తించదు, వాళ్ల దగ్గర మేనేజర్‌కు కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఇదంతా ఒక పేజీ నోట్‌గా ఇచ్చి, కాపీ దగ్గర పెట్టుకోండి.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యం. పూర్తికాలం జీతానికి చేరిన అడ్వకేటు ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రాక్టీసు మానాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన 49 చెబుతోంది. సీనియర్ గారికి ఇవాళే చెప్పేయండి, బార్ కౌన్సిల్‌కు ఈ వారంలోనే రాయండి.