నీరుగొబ్బిని గుర్తుపట్టడం ఎలా?



డిగ్రీ రెండో సంవత్సరంలో హెర్బేరియం షీటు మీద మేము ‘నీరుగొబ్బి’ అని రాసి అతికించింది నిజానికి వాకుడు. రెండింటికీ ఊదా పూలు, పసుపుపచ్చ ముళ్ళు. మార్కులు కూడా పడినాయి. సంక్రాంతి సెలవులకు ఇంట్లో చూపిస్తే మా అమ్మ ఒక్క చూపుకే “ఇది వాకుడు గదరా అబ్బోడా, మెట్టలో నేల మీద పాకేది. నీరుగొబ్బి ముల్లు కయ్యలో కలుపు తీసేటప్పుడు కాలికి దిగుతాది” అనింది. అమ్మకు అక్షరం రాదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. చాలా సిగ్గుపడినాం.

మరునాడు అమ్మే పాకాల దగ్గర ఒక చెరువు మొరవ కిందికి తీసుకుపోయింది. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించినారే, ఆ తరువాతి సంక్రాంతి అది. నీళ్ళు తీసిన ఒండ్రులో నడుమెత్తు మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

ముందు కణుపు చూడండి. పువ్వు లేకపోయినా కణుపు చాలు. దాని చుట్టూ ఆరు ఆకులుంటాయి, రెండు పొడవు, నాలుగు పొట్టి. వాటి మొదళ్ళలో నిటారు ముళ్ళు. పూలు ఆ ముళ్ళ నడుమ జతలు జతలుగా గుంపు కట్టి పూస్తాయి. ఒక్కో పువ్వుకు రెండు పెదవులు, కింది పెదవి మూడు చీలికలు. వాకుడికైతే ఆకు మీద కూడా ముళ్ళుంటాయి, పువ్వు నక్షత్రం మాదిరి విచ్చుకుంటుంది. ముళ్ళగోరింట దీని కుటుంబానిదే కానీ పూలు పసుపు, పెరిగేది మెట్టలో. ఇంకా అనుమానముంటే ఎండిన గింజను నీళ్ళలో వేయండి, సబ్జా గింజ మాదిరి జిగురు పొర కడుతుంది.

శాస్త్రీయ నామం హైగ్రోఫిలా ఆరిక్యులాటా. మొదటి మాటకు తేమను ఇష్టపడేది అని అర్థం. పాత పుస్తకాలలో ఆస్టరకాంతా లాంగిఫోలియా అని కనిపిస్తే కంగారు పడవద్దు, రెండూ ఒకటే. సంస్కృతంలో కోకిలాక్షం. ఆయుర్వేదంలో వాడతారు, అట్లని మీరు నూరుకొని తాగకండి.

చెరువులో తేలే గుర్రపుడెక్క పూలు చూసి ఇదే అనుకునేవాళ్ళున్నారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. నీరుగొబ్బి మన నేలదే, వేరు బురదలో ఉండాలి. కొన్నాళ్ళు నీళ్ళు నిలిచి తరువాత ఆరే చోటు దానికి కావాలి: చెరువు అంచు, కాలువ గట్టు, వరి కయ్యల గెనిమలు. స్వర్ణముఖి పుట్టేది పాకాల దగ్గరి కొండల్లోనే కాబట్టి మన వైపు ఇట్లాంటి పల్లపు చోట్లకు కొదవ లేదు. చలికాలంలో వెతకండి.

పోయిన ఏడాది వెళితే ఆ మొరవ కింద సగం జాగా మట్టి తోలి చదును చేసినారు. మిగిలిన సగంలో పదిహేడు మొక్కలు లెక్కపెట్టినాం. షీటుకు ఒక కొమ్మ మాత్రమే కోసుకున్నాం, వేరు పెరకలేదు. మీరూ పెరకవద్దు. షీటు మీద ‘స్థలం’ అనే గడిని మాత్రం ఖాళీగా వదలవద్దు, ఏ చెరువు, ఏ వైపు అని రాయండి. మా షీటులో ‘సేకరించినవారు’ అన్నచోట అమ్మ పేరు రాసినాం.