సరదాకి గాలం వేసేవాళ్ళు ఏ పని చేసి బతుకుతారు?



గాలం అంటే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనలో చాలామంది ఇళ్ళు వాగు ఒడ్డునో ఏటి ఒడ్డునో ఉన్నాయి. కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కెం, వానపాము ఉంటే చాలు. కాని గాలం వేసేవాళ్ళు మూడు రకాలు ఉంటారు.

1. కూర కోసం వేసేవాళ్ళు. మన ఇళ్ళల్లో ఎక్కువమంది ఇదే.
2. అమ్మడానికి వేసేవాళ్ళు. వీళ్ళు వలలు, మావులు కూడా వాడతారు.
3. సరదాకి వేసేవాళ్ళు. వీళ్ళలో చాలామంది చేపను పట్టి, తూకం వేసి, ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళల్లో వదిలేస్తారు.

మూడో రకం వాళ్ళని ఇంగ్లీషులో యాంగ్లర్లు అంటారు. లెక్కల్లో యాంగిల్ అంటే కోణం కదా, ఇది ఆ యాంగిల్ కాదు. పాత ఇంగ్లీషులో గాలపు కొక్కేన్ని అలా అనేవాళ్ళు, అందులోంచి ఈ మాట వచ్చింది.

చేప అమ్మరు, కూర వండరు. మరి వీళ్ళకి తిండి ఎలా? ఏం ఉద్యోగాలు చేస్తారు? ఈ పాఠంలో అదే రాస్తున్నాను. దీనికి ఒక కారణం ఉంది. "చదువు రాకపోతే పోయి చేపలు పట్టుకోవాల్సిందే" అని కొందరు మనల్ని అంటూ ఉంటారు. అంటే చదువు ఒక ఒడ్డున, గాలం ఇంకో ఒడ్డున ఉన్నట్టు. ఒకటి కావాలంటే ఇంకోటి వదిలెయ్యాలన్నట్టు. అది నిజమో కాదో చూద్దాం.

సరదాకి గాలం వేసినవాళ్ళ ఉద్యోగాలు

బట్టల వ్యాపారి: ఐజాక్ వాల్టన్ ఇంగ్లండులో 1593లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. లండన్ వెళ్ళి పని నేర్చుకుని బట్టల వ్యాపారం చేశారు. 1653లో గాలం గురించి ఒక పుస్తకం రాశారు. దాని పేరు ది కంప్లీట్ యాంగ్లర్. 370 ఏళ్ళు దాటినా ఆ పుస్తకాన్ని ఇంకా అచ్చు వేస్తున్నారు.

కలెక్టరు: హెచ్. ఎస్. థామస్ బ్రిటిషు వాళ్ళ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరుగా చేశారు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆయన గాలం వేస్తూ మన దేశపు చేపల్ని గమనించి 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాశారు. చేపల్ని ఎలా కాపాడాలో ప్రభుత్వానికి రిపోర్టు కూడా రాశారు. తర్వాత 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. తోటాలు పేల్చి గాని, విషం కలిపి గాని చేపలు పట్టకూడదని ఆ చట్టంలో ఉంది.

జంతువుల తోళ్ళ పనివాడు: మైసూరులో వాన్ ఇంగెన్ అనే కుటుంబం ఉండేది. చనిపోయిన పులి, చిరుత లాంటి వాటి తోలు తీసి, శుద్ధి చేసి, బతికున్నట్టు నిలబెట్టడం వాళ్ళ పని. దాన్ని టాక్సిడెర్మీ అంటారు. ఆ కుటుంబంలోని డీవెట్ వాన్ ఇంగెన్ 1946లో కబిని నదిలో గాలంతో ఒక మహసీర్ చేప పట్టారు. బరువు 120 పౌన్లు, అంటే 54 కిలోలు. మన వంటగదిలో ఉండే 50 కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువ!

నర్సు: జార్జినా బాలంటైన్‌ది స్కాట్లాండ్. మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సుగా పనిచేశారు. 1922 అక్టోబరు 7న టే అనే నదిలో పడవ మీద తండ్రితో కలిసి గాలం వేశారు. ఒక సాల్మన్ చేప పడింది. అది రెండు గంటలకు పైగా లాగింది. బరువు 64 పౌన్లు, అంటే 29 కిలోలు. బ్రిటన్‌లో గాలానికి పడిన సాల్మన్లలో అదే పెద్దది. వందేళ్ళు దాటినా ఆ రికార్డును ఏ మగవాడూ దాటలేదు. ఆ చేపను పెర్త్ పట్టణంలోని ఆసుపత్రికి ఇచ్చేశారు.

డాన్సు టీచరు: జోన్ వుల్ఫ్ అమెరికాలో 1926లో పుట్టారు. డాన్సు నేర్పించేవారు. ఈక కట్టిన గాలాన్ని ఎంత దూరం, ఎంత గురిగా విసరగలరు అని అక్కడ పోటీలు పెడతారు. 1951లో దూరం విసిరే పోటీలో మగవాళ్ళందర్నీ దాటి ఆమె గెలిచారు. 1979లో భర్తతో కలిసి గాలం విసరడం నేర్పే స్కూలు పెట్టారు. అంటే ముందు సరదాగా ఉన్నది తర్వాత ఉద్యోగం అయ్యింది.

ఇంకా వకీళ్ళు, పళ్ళ డాక్టర్లు, మంత్రులు కూడా ఉన్నారు. గాలం వేసేవాళ్ళకి ఫలానా ఉద్యోగమే ఉండాలని ఏమీ లేదని దీన్ని బట్టి తెలుస్తోంది. కాని ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. వీళ్ళందరికీ సెలవు రోజు ఉంది, ఇంట్లో తిండి ఉంది. అందుకే పట్టిన చేపను వదలగలిగారు. మా నాన్నకి ఆదివారం లేదు. చేప పడితేనే కూర. అందుకని ఆయన చేసేది తక్కువ పని, వీళ్ళు చేసేది గొప్ప పని అనుకోకూడదు. ఏరు తెలియకపోతే ఇద్దరికీ చేప పడదు.

గాలం వల్ల పుట్టిన ఉద్యోగాలు

సరదాకి వచ్చేవాళ్ళ వల్ల ఇంకా కొంతమందికి పని దొరుకుతుంది.

- చోటు చూపించే గైడు. ఏ మడుగులో ఏ చేప ఉంటుందో, ఏ ఎర వెయ్యాలో చెప్తారు, పడవ నడుపుతారు.
- నది కాపలా మనిషి. దొంగతనంగా తోటాలు, విషం వెయ్యకుండా చూస్తారు.
- ఎరలు కట్టేవాళ్ళు. నిజం ఎర బదులు కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి పురుగులాగ తయారుచేస్తారు. దీన్ని ఫ్లై అంటారు.
- చేపల శాస్త్రవేత్త. చేపల రకాలు, గుడ్లు, పెరుగుదల పరిశోధిస్తారు.

ఎరలు కట్టేవాళ్ళలో నాకు నచ్చినది మేగన్ బాయ్డ్ గారు. స్కాట్లాండులో ఊరి చివర చిన్న ఇంట్లో ఉండేవారు. ఆ ఇంట్లో చాలా ఏళ్ళు కరెంటు లేదు. కిటికీ దగ్గర కూర్చుని ఈకలతో ఎరలు కట్టేవారు. అవి ఎంత బాగుండేవంటే, అప్పట్లో ఇంగ్లండు యువరాజుగా ఉన్న చార్లెస్ కూడా ఆమె దగ్గర తీసుకునేవారు. 1971లో ఆమెకు ప్రభుత్వం మెడల్ ఇచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆమె చేపలు పట్టేవారు కాదు. చేతి పని మీదే బతికారు. 2001లో చనిపోయారు.

కావేరి కథ

ఇప్పుడు మన దేశంలోకి వద్దాం. కర్ణాటకలో కావేరి నది ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె అనే చోట్ల గాలం క్యాంపులు ఉండేవి. సరదాకి గాలం వేసేవాళ్ళు ఇంగ్లండు నుంచి కూడా అక్కడికి వచ్చేవాళ్ళు. మహసీర్ పడితే తూకం వేసి వదిలెయ్యాలి, అది రూలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి గైడ్లుగా, కాపలాదారులుగా పని దొరికింది. అంతకుముందు తోటాలు పేల్చి చేపలు పట్టినవాళ్ళు కొందరు కూడా ఈ పనిలో చేరి, నదికి కాపలా కాశారు. వాళ్ళకి ఏటి లోతు, రాళ్ళు, మడుగులు అన్నీ కంఠస్థం.

గాలిబోరె క్యాంపులో ఏ రకం చేప పడింది, ఎంత బరువు ఉంది అని పుస్తకంలో రాసి పెట్టేవాళ్ళు. 1998 నుంచి 2012 వరకు రాసిన ఆ లెక్కల్ని శాస్త్రవేత్తలు తర్వాత తీసి చదివారు. అందులో ఒక చెడ్డ సంగతి బయటపడింది. కావేరిలో మూపురం ఉన్న మహసీర్ అని ఒక రకం ఉంది. ఆ నదికి సొంతమైన చేప అది. ఏడాది ఏడాదికి అది పడడం తగ్గిపోతూ వచ్చింది. దాని బదులు నీలం రెక్కల మహసీర్ పెరిగింది. ఈ రెండో రకం కావేరిది కాదు. మహారాష్ట్రలోని లోనావాలాలో పిల్లల్ని పెంచి, మంచి జరుగుతుందనే కావేరిలో వదిలారు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ప్రపంచమంతా పేరున్న ఆ మూపురం చేపకి చాలా కాలం సరైన శాస్త్రీయ నామమే లేదు. 2018లో అది టార్ రెమాదేవి అనే జాతి అని తేల్చారు. ఆ పేరు కె. రెమాదేవి గారిది. ఆమె భారత జంతుశాస్త్ర సర్వే సంస్థలో చేపల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఆమె గౌరవం కోసం చేపకు ఆ పేరు పెట్టారు. అదే ఏడాది ఆ చేపను పూర్తిగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చారు.

మరి గైడ్లు ఏమయ్యారు? ఆ క్యాంపులు వన్యప్రాణుల అభయారణ్యంలో ఉన్నాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ గాలం కూడా వెయ్యకూడదని 2012లో ఆపేశారు. గాలం గైడు పని దాంతోనే పోయింది. సరదాకి వచ్చినవాళ్ళకి ఇబ్బంది లేదు, వాళ్ళకి వేరే ఉద్యోగాలు ఉన్నాయి. నదిని అందరికన్నా బాగా ఎరిగినవాళ్ళ చేతిలో మాత్రం చూపించడానికి సర్టిఫికెట్టు లేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇదే. ఏరు తెలిసినా చాలదు, చదువు కూడా ఉండాలి. చదువు ఉన్నా చాలదు, ఏరు కూడా తెలియాలి.

చేపకి నొప్పి కాదా?

మన హాస్టల్లో ఈ ప్రశ్న చాలామంది అడిగారు. కూరకైతే సరే, ఆటకి ఎందుకు గుచ్చాలి అని. అందుకే మంచి యాంగ్లర్లు ఎదురు ముల్లు లేని కొక్కెం వాడతారు, అది తేలిగ్గా వస్తుంది. చేపను పొడి చేత్తో పట్టుకోరు, జిగురు పొర పోతుందని. ఎక్కువసేపు నీళ్ళ బయట ఉంచరు. అయినా కొన్ని చేపలు చచ్చిపోతాయి. కొన్ని దేశాల్లో దీని మీద వాదన నడుస్తూనే ఉంది. మీరు కూడా ఆలోచించండి.

మన దగ్గర ఉన్న దారులు

చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అందుకని ఈ చదువుకి ఇక్కడ పని ఉంది.

పదో తరగతి తర్వాత: మత్స్యశాస్త్రంలో రెండేళ్ళ డిప్లొమా ఉంది. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో పాలిటెక్నిక్ ఉంది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు మత్స్య సహాయకుల పోస్టులకు ఇలాంటి చదువు చదివినవాళ్ళనే తీసుకున్నారు.

ఇంటర్ బైపీసీ తర్వాత: బి.ఎఫ్.ఎస్సీ. అనే నాలుగేళ్ళ డిగ్రీ. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో, తెలంగాణలో పెబ్బేరులో కాలేజీలు ఉన్నాయి. ఎస్టీలకు రిజర్వేషన్ ఉంటుంది. ఇది చదివితే మత్స్యశాఖలో ఆఫీసరు కావచ్చు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టుకు రాయవచ్చు. చేప పిల్లల్ని పెంచే హేచరీల్లో చేరవచ్చు.

ఇంకా పై చదువు: ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. 1961 నుంచి నడుస్తోంది. అక్కడ పరిశోధన చెయ్యవచ్చు.

పదో తరగతితో చదువు ఆపేద్దాం అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, అందుకని ఆ మాట నాకూ వినపడుతూ ఉంటుంది. వాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

మనకి ముందే తెలిసినవి

మా ఊరు మారేడుమిల్లి కొండల్లో ఉంది. మాది కొండరెడ్ల కుటుంబం. మా నాన్న తొలకరి కొత్తనీటికి చేపలు ఎదురెక్కుతాయని చెప్తాడు. అవి గుడ్లు పెట్టడానికి వెళ్తాయని తర్వాత సైన్సు పాఠంలో వచ్చింది. పిల్లల మంద వెనకాల ఉన్న కొరమేనుని పట్టొద్దని మా అవ్వ అంటుంది. కొరమేను నిజంగానే పిల్లలకి కాపలా కాస్తుంది, దాన్ని పట్టేస్తే పిల్లల్ని వేరే చేపలు తినేస్తాయి. వాలుగకి కప్ప ఎర అయితే మంచిదని మా బాబాయి అంటాడు. ఇవన్నీ కాలేజీలో చెప్పే పాఠాలే. మనవాళ్ళు ముందే నేర్చుకున్నారు, పరీక్ష మాత్రం రాయలేదు.

గాలిబోరెలో ఉన్నలాంటి నోటుబుక్కు మా వాగుకి లేదు. మా నాన్నకి రాయడం రాదు. నాకు వచ్చు.

అందుకని అందరికీ ఒక పని చెప్తున్నాను. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు గళ్ళు గీసుకోండి. చేప పేరు, మీ భాషలో దాని పేరు, ఏ నెలలో పడుతుంది, ఏ ఎరకి పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి. కోయ పేర్లు, కొండరెడ్ల పేర్లు, వాల్మీకుల పేర్లు అన్నీ రావాలి. ఇదివరకు పడి, ఇప్పుడు పడని చేప ఏదైనా ఉంటే దాని కింద ఎర్ర గీత గీయండి. సెలవులయ్యాక అన్నీ కలిపి ఒక పెద్ద చార్టు చేసి ఇక్కడే అంటిద్దాం. వార్డెన్ మేడం గారు చార్టులు, స్కెచ్ పెన్నులు ఇస్తామన్నారు.

ప్రశ్నలు (జవాబులు తొమ్మిదో తరగతి గది దగ్గర చెప్పవచ్చు)

1. యాంగ్లర్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?
2. జార్జినా బాలంటైన్ పట్టిన చేప ఎన్ని కిలోలు? డీవెట్ వాన్ ఇంగెన్ పట్టిన చేప దానికన్నా ఎన్ని కిలోలు ఎక్కువ?
3. టార్ రెమాదేవికి ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది?
4. కావేరి క్యాంపుల్లో గాలం ఆపేసినప్పుడు ఎవరికి నష్టం, ఎవరికి కాదు? ఎందుకు?
5. మీ వాగులో ఇప్పుడు కనపడని చేప ఏది?

ఐదో ప్రశ్నకి జవాబు నాకు కూడా తెలీదు. మీరే చెప్పాలి.

— 9వ తరగతి విద్యార్థిని