పళ్లకూ ఒక టీసీ

నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. టీసీ, మార్కుల జాబితా, గ్యాస్ కాగితాలు, టీకాల కార్డు అన్నీ ఒక ఫైలులో చేరతాయి. పళ్ల గురించిన కాగితం మాత్రం ఆ ఫైలులో ఉండదు. మా తరగతిలో అడిగి చూశాం, ఒక్కరి దగ్గరా లేదు. పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తారంటే చాలామంది చెప్పింది ఒకటే మాట: "నొప్పి పుట్టినప్పుడు."

అప్పటికే ఎందుకు ఆలస్యమవుతుందో తెలియాలంటే పన్ను నిర్మాణం చూడాలి. పైన కనిపించే తెల్లటి పొర పింగాణీ, దాన్నే ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. కానీ అందులో నరాలు లేవు, జీవకణాలూ లేవు. మనం తిన్న తీపిని నోట్లోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పింగాణీలోని ఖనిజాలను కరిగిస్తుంది. మొదట సున్నం చుక్కలాంటి మచ్చ ఒకటి పడుతుంది. ఆ దశలో లాలాజలమూ ఫ్లోరైడ్ పేస్టూ పోయిన ఖనిజాన్ని కొంతవరకు తిరిగి చేర్చగలవు. గుంట పడ్డాక ఇక ఆ అవకాశం లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, పుచ్చిన పన్ను తనంతట తాను పూడదు. పుచ్చు పింగాణీని దాటి, కింది డెంటిన్‌లోకి దిగి, నరాలూ రక్తనాళాలూ ఉన్న మజ్జకు దగ్గరయ్యాకనే చాలాసార్లు మనకు సంగతి తెలుస్తుంది. డాక్టరు చిన్న అద్దం పెట్టి చూసేది ఆ మొదటి మచ్చ కోసమే. రెండు పళ్ల సందులో దాక్కున్నదైతే అద్దానికీ అందదు, ఎక్స్‌రే తీయాలి. స్కూల్లో వైద్య పరీక్ష రోజున "ఆ" అని నోరు తెరిచి మూసేస్తే సరిపోదని అందుకే అంటున్నాం.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఒక పన్ను విషయంలో. దాదాపు ఆరేళ్లప్పుడు, అంటే మనం ఒకటో తరగతిలో చేరే రోజుల్లో, చివరి పాలపన్ను వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. తెలుగు పాఠ్యపుస్తకంలో వీటి పేరు చర్వణకాలు. ఇవి శాశ్వత దంతాలు. అయితే ఇవి రావడానికి ఏ పన్నూ ఊడనక్కరలేదు కాబట్టి ఇంట్లో పాలపళ్లే అనుకుంటారు. పైగా వాటి మీద లోతైన గాడులుంటాయి, బ్రష్ సరిగా అందదు. పుచ్చకముందే చూపిస్తే డాక్టరు ఆ గాడులను సీలెంట్ అనే పూతతో పూడ్చేస్తారు.

మాలో ఒకడికి రెండో తరగతిలో ఆ పన్ను మీద నల్లచుక్క కనిపించింది. "పాలపన్నే కదా, ఊడిపోతుందిలే" అన్నారు. ఆ వేసవిలో బదిలీ అయింది. కొత్త ఊళ్లో ఇల్లు వెతకడం, అడ్మిషన్, కొత్త భాష, వీటి మధ్య చుక్క సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాలుగో తరగతిలో ఒక రాత్రి దవడ వాచింది. అక్కడి డాక్టరు వేరు చికిత్స మొదలుపెట్టి, తాత్కాలికంగా పూడ్చి మళ్లీ రమ్మన్నారు. ఈలోగా ఇంకో బదిలీ. మూడో ఊళ్లో డాక్టరు "ఇంతకుముందు ఏం చేశారు?" అని అడిగితే చెప్పడానికి నోటిమాట తప్ప కాగితం లేదు. చివరికి ఆ పన్ను తీసేశారు. మా వాడు ఇప్పటికీ ఎడమవైపే నములుతాడు.

మనకు ఇంకొక చిక్కు కూడా ఉంది. ఊరు మారితే నీళ్లు మారతాయి. శాశ్వత దంతాల్లో చాలావాటి పింగాణీ మనకు ఎనిమిదేళ్లు వచ్చేలోపే చిగుళ్ల లోపల తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పళ్ల మీద తెల్లచారలు, గోధుమరంగు మరకలు వస్తాయి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఇది పాత కష్టమే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మరకలున్న తోటి విద్యార్థిని "పళ్లు తోమవా?" అని వెక్కిరించేవాళ్లు ఉంటారు. ఎంత తోమినా ఆ మరకలు పోవు. మూడేళ్లప్పుడు ఏ ఊళ్లో ఉన్నామో చెబితే డాక్టరుకు కారణం త్వరగా తెలుస్తుంది.

సాధారణంగా ఆరు నెలలకోసారి చూపించుకోమంటారు. పళ్ల తీరును బట్టి డాక్టరు ఇంకా ముందే రమ్మనవచ్చు. అమ్మానాన్నల శాఖకు ఆసుపత్రి ఉంటే అక్కడ దంత విభాగం ఉందేమో అడగండి, లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. బదిలీ కబురు తెలిసిన వారంలోనే ఒకసారి వెళ్లాలి, సామాను కట్టే వారంలో కాదు. సగంలో ఉన్న పని పూర్తి చేయించుకోవడానికి రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. ఎక్స్‌రే తీసి ఉంటే దాన్నీ, చేసిన పని రాసిన చీటీనీ అడిగి తెచ్చుకోండి.

మేం డైరీ చివరి పేజీలో పైదవడ, కిందిదవడ బొమ్మలు గీసుకున్నాం. ఏ పన్నుకు ఏం చేశారు, ఏ తేదీన, ఏ ఊళ్లో అని పక్కన రాస్తున్నాం. కింద చిన్నప్పటి నుంచి ఉన్న ఊళ్ల పేర్లు. మా వాడి బొమ్మలో కుడివైపు ఒక సున్నా ఉంది. దాని పక్కన మూడు ఊళ్ల పేర్లు రాయాల్సి వచ్చింది.