ఆవుకు చెమట ఉంది, పట్టుపురుగుకు మన షెడ్డే ఉంది

ఎండలు ముదిరాయి కాబట్టి ఈ వారం పాఠం పురుగు ఒంటి వేడి గురించి.

మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆవుది 38.5 దరిదాపు. బయట 20 ఉన్నా 38 ఉన్నా పెద్ద తేడా రాదు. ఎండకు మనకు చెమట పోస్తుంది, ఆవు రొప్పుతుంది, చలికి ఒళ్లు వణుకుతుంది. లోపలి వేడిని ఒళ్లే సరిచేసుకుంటుంది.

పట్టుపురుగుకు అది చేతకాదు. షెడ్డులో గాలి ఎంత వేడో దాని ఒళ్లూ దాదాపు అంతే. అందుకే చాకీకి 27-28 డిగ్రీలు, 85 శాతం తేమ కావాలి. ఐదో దశకు 24-25 డిగ్రీలు, 65-70 శాతం తేమ చాలు. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఈ దశలోనే తింటుంది. ఇక్కడ వేడి 30 దాటితే ఆకు ఖర్చయినా గూడు పల్చబడుతుంది, రోగమూ తగులుతుంది.

నీళ్ల సంగతి వేరే. పురుగు నీళ్లు తాగదు, ఆకులో ఉన్నదే దానికి ఆధారం. ఒంట్లో నీరు, ఉప్పు సమంగా ఉంచుకోవడం దానికి తెలుసు. పక్కలనున్న 9 జతల ఊపిరి రంధ్రాలు మూసి నీరు ఆవిరి కాకుండా ఆపుకుంటుంది. కానీ వాడిన ఆకు వేస్తే ఆపుకోవడానికి నీరేది?

మరి మనమేం చేయాలి?

1. థర్మామీటరును పైకప్పు కింద కాదు, పురుగులున్న ఎత్తులో కట్టండి.
2. ఆకు పొద్దున్నే కోసి, తడి గోనెపట్ట కప్పి నీడలో పెట్టండి.
3. పొడి వేడి ఉంటే కిటికీలకు తడి గోనెపట్టలు కట్టండి. ఉక్కపోత ఉంటే మాత్రం నీళ్లు చల్లొద్దు, కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి. గాలి ఆడితేనే ఒంటి నీరు ఆవిరై పెద్ద పురుగు కొంచెం చల్లబడుతుంది.
4. జ్వరానికి కూర్చున్నప్పుడు ఆకు ఆపి, సున్నం చల్లి, పడక ఆరనివ్వండి.

ఆవు తన ఒంటిని తానే చూసుకుంటుంది. పురుగు ఒంటిని చూసుకోవాల్సింది మనమే. ఈ రోజు మధ్యాహ్నం 2 గంటలకు ఒకసారి మీ థర్మామీటరు చూడండి.