బిల్లు కనపడాలి తల్లీ

ఆళ్లగడ్డ

చిరంజీవి మాధవికి పెద్దనాయన ఆశీస్సులు.

నంద్యాల ఆఫీసులో చార్జి తీసుకున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. చాలా సంతోషమమ్మా. మొదటి నెల కరెంటు బిల్లు చూసి, మనిషి లేనిచోట ఫ్యాను తిరిగితే మెమో ఇస్తానని సర్క్యులర్ రాసి పెట్టినావంట. దాన్ని పంపే ముందు ఈ ఉత్తరం చదువు.

ఇక్కడి శిల్పశాలల్లో ఇప్పుడు ఉలి, సుత్తితో పాటు గ్రైండర్లు, కటింగ్ మిషన్లు కూడా నడుస్తుంటాయి. రాతి మీద గీత సరిచూసుకోవడానికి లేచినా సరే, శిల్పి చెయ్యి ముందు స్విచ్ మీదికి పోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, బిల్లు ఆయనది కాబట్టి. నీ ఆఫీసులో బిల్లు కట్టేది హెడ్డాఫీసు. మీటరు ఏ మూల ఉందో కూడా స్టాఫ్‌లో సగం మందికి తెలిసి ఉండదు. కంటికి కనపడని ఖర్చు తగ్గించమంటే ఎవరికైనా ఎట్లా పడుతుంది?

సాయంత్రం తాళం వేసేటప్పుడు, పొద్దున తీసేటప్పుడు మీటరు రీడింగు రాయించు. ఆ తేడా అంతా ఖాళీ ఆఫీసులో కాలిన కరెంటే. ఆపని కంప్యూటర్లు, వాటర్ కూలర్, ప్రింటర్లు, ఒక్కోసారి మరిచిపోయిన ఏసీ. ఆ అంకెను రోజూ నోటీసు బోర్డు మీద రాయించు. పేర్లు మాత్రం రాయొద్దు. ఫలానా ఆయన సిస్టమ్ ఆపలేదని నలుగురిలో పెడితే ఆ మనిషి నీకు దూరమవుతాడు, యూనిట్లు మాత్రం తగ్గవు.

ఇంక స్విచ్ బోర్డు. పెద్ద హాల్లో పన్నెండు స్విచ్చులు వరసగా ఉంటాయి, ఏది ఏ ఫ్యానుదో ఎవరికీ తెలియదు. ఒక్క ఫ్యాను కావాల్సినాయన అరచేత్తో అన్నీ వేసి పోతాడు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకు. కాగితం ముక్కలు అతికించి ‘కిటికీ పక్క ఫ్యాను’, ‘క్యాషు దగ్గర లైటు’ అని రాయించు. ఆ పని అటెండరుకు అప్పజెప్పు. బోర్డు గుట్టంతా తెలిసింది ఆయనకే.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. ఎండాకాలంలో నంద్యాల ఎట్లుంటుందో నీకు తెలుసు, 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఆ ఎండలో మనుషుల్ని ఉడకబెట్టి మిగిల్చే యూనిట్లు మనకొద్దు. ఏసీ 24లో పెట్టి పైన ఫ్యాను తిప్పితే హాయిగానే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. కొత్త గది ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన కూడా ఉంది. ముందు నీ గదిలో పెట్టు. నీ గది 18లో ఉంటే హాల్లో ఎవరూ నీ మాట వినరు.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యానైతే 30 చుట్టుపక్కల. ఇరవై ఫ్యాన్లు మారిస్తే ఎనిమిది గంటల పనిదినానికి 7 యూనిట్లు మిగులుతాయి. ఈ లెక్క హెడ్డాఫీసుకు నువ్వే రాయాల. స్టాఫ్ చేతిలో లేని పని అది.

గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకొని మనకెందుకీ పిసినారితనం అని కుర్రోళ్లు అడుగుతారు. కసురుకోకు, మంచి ప్రశ్నే. పొద్దు గుంకితే ఆ పలకలు ఆగిపోతాయి. అక్కడి నుంచి బొగ్గు కాల్చాల, శ్రీశైలంలో నీళ్లుంటే టర్బైన్లు తిప్పాల. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టుకు పిన్నాపురంలో 2022లో శంకుస్థాపన చేసింది ఈ సమస్య వల్లే. కాబట్టి ఆరు దాటినాక పని లేకుండా ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. లైట్లు ఆరిపోతాయి, వాళ్లూ పిల్లల దగ్గరికి చేరతారు.

చివరగా, తగ్గిన బిల్లులో కొంత మీ ఆఫీసుకే ఇవ్వమని పైవాళ్లను అడుగు. ఒప్పుకుంటే, ఆ డబ్బుతో ఏం కొనాలో నువ్వు తేల్చకుండా స్టాఫ్‌నే తేల్చుకోనీ.

ఇట్లు,
మీ పెద్దనాయన