ఆక్సిజన్ లేకుండానే మండించే క్లోరిన్ ట్రైఫ్లోరైడ్

విద్యార్థులారా, ఆక్సీకరణం అంటే ఆక్సిజన్ కలవడం అని చిన్న తరగతుల్లో చదువుతారు. పదకొండో తరగతికి వచ్చేసరికి ఆ నిర్వచనం చాలదు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, పుచ్చుకోవడం క్షయకరణం. ఎదుటి పదార్థం ఎలక్ట్రాన్లను లాక్కునేది ఆక్సీకరణి. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేసిన నాకు ఇది జమాఖర్చుల లెక్కగానే కనబడుతుంది.

క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌ను చూడండి. 1930లో జర్మనీలో రఫ్, క్రూగ్ అనే రసాయనవేత్తలు దీన్ని కనుగొన్నారు. క్లోరిన్, ఫ్లోరిన్ వాయువులను కలిపి వేడిచేసి, వచ్చిన మిశ్రమం నుంచి స్వేదనంతో వేరుచేస్తారు. మూడు ఫ్లోరిన్ అణువులు, ఒక క్లోరిన్ అణువు కలిస్తే రెండు ట్రైఫ్లోరైడ్ అణువులు. రెండు క్లోరిన్ పరమాణువులు మూడేసి చొప్పున 6 ఎలక్ట్రాన్లు ఖర్చు రాస్తే, ఆరు ఫ్లోరిన్ పరమాణువులు ఒక్కొక్కటి జమ. లెక్క సరిపోయింది. పరీక్షలో సమీకరణం తుల్యం చేసేటప్పుడు ఇలాగే చూసుకోండి.

ప్లస్ 3 స్థితిలో ఉన్న ఆ క్లోరిన్, ఎవరు దొరికితే వారి దగ్గర ఎలక్ట్రాన్లు గుంజుకుంటుంది. దూది తగిలితే అగ్గిపుల్ల లేకుండానే భగ్గుమంటుంది. ఇసుక, ఆస్‌బెస్టాస్ కూడా తట్టుకోలేవు. నల్లగొండ వైపు బావినీళ్ళలోని ఫ్లోరైడ్ ఇలా చేయదు. అది తన ఎలక్ట్రాన్‌ను ముందే పుచ్చుకుని ఊరుకున్నది. ఎముకలకు, పళ్ళకు అది చేసే కీడు వేరే సంగతి.

ఇది దాదాపు 12 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర మరుగుతుంది. అంటే మన ఊరి వేడికి వాయువే. ఉక్కు, నికెల్ పాత్రల్లో నిల్వ చేయవచ్చు. లోపలి గోడ మీద లోహ ఫ్లోరైడ్ పలుచటి పొరగా ఏర్పడి మిగతా లోహాన్ని కాపాడుతుంది. ఆ పొర చెదిరితే పాత్రే మండుతుంది. చిప్‌లు తయారుచేసే యంత్రాల లోపలి గదులు శుభ్రం చేయడానికి దీన్ని వాడతారు.

నీళ్ళు చల్లితే మంట ఆరదు సరికదా, తీవ్రంగా చర్య జరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడుతుంది. అది చర్మం దాటి లోపలి కాల్షియాన్ని పట్టుకుంటుంది. గాలి ఆడకుండా కప్పినా లాభం లేదు, ఈ మంటకు ఆక్సిజన్‌తో పనే లేదు.

సాంచల కార్ఖానాల్లో ఇది ఉండదు. కానీ బట్టను తెల్లబరిచే హైడ్రోజన్ పెరాక్సైడ్, హైపోక్లోరైట్ కూడా ఆక్సీకరణులే. తల్లిదండ్రులు గమనించండి: డ్రమ్ము మీద పసుపు చీటీ, గుండ్రటి గీతపై మంట బొమ్మ, కింద 5.1 అంకె ఉంటే దాని పక్కన దూది, నూలు చెత్త, నూనె గుడ్డలు పెట్టకూడదు.