చిట్టా నుంచి ఆవర్జాకు

నాంపల్లి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

డేటా సైన్స్‌లో సీటొచ్చిందని నువ్వు ఫోన్ చేసిన రోజు మీ అమ్మమ్మ "అదేం చదువండీ?" అని నన్నడిగింది. నాకూ సరిగ్గా చెప్పడం చేతకాలేదు. ఇవాళ పొద్దున ఆబిడ్స్ వెళ్లొచ్చాక ఆమెకు చెప్పే దారి దొరికింది. నీకూ పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఆదివారం మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఓ పెద్దాయన దగ్గర చినిగిన అట్టతో ఉన్న గణిత పుస్తకం బేరమాడాను. డెబ్బై అన్నవాడు యాభైకి దిగాడు. ఫోన్‌తో కట్టగానే ఆయన మోకాలి పక్కనున్న పెట్టె "యాభై రూపాయలు అందాయి" అని అరిచింది. పక్కన డెబ్బై ఇచ్చి అదే రకం పుస్తకం కొన్నాయన మా ఇద్దరి వంకా గుర్రుగా చూశాడు. ఆ గొడవ వదిలెయ్. ఆ క్షణాన ఎక్కడో ఒక పద్దు పడింది: ఎవరు, ఎవరికి, ఎంత, ఎన్నింటికి. ఏ పుస్తకమో మాత్రం అందులో లేదు.

మా నాన్న బేగంబజార్‌లో ఒక బట్టల కొట్టు గుమాస్తా. పగలంతా జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసేవాడు. రాత్రి లాంతరు ముందు కూర్చుని చిట్టాలోంచి ఒక్కో పద్దునూ తీసి ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కించేవాడు. చిట్టా చూస్తే ఆ రోజు ఎలా గడిచిందో తెలుస్తుంది. ఆవర్జా చూస్తే మనిషి తెలుస్తాడు: ఎప్పుడు అప్పు పెడతాడు, ఏ పండక్కి తీరుస్తాడు, ఎవరి పెళ్లికి ఎంత తీసుకెళ్లాడు. మీరు బిగ్ డేటా అంటున్నది నాకు అలాగే అర్థమైంది. ఊరందరి చిట్టాలూ తెచ్చి ఒకే ఆవర్జాకు ఎక్కించడం. లెక్క ఎంత పెద్దదో చూసి బెదరకు. 2023 ఆగస్టులో యూపీఐ చెల్లింపులు ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటాయి, నిజమే. ఎన్ని కోట్ల వరుసలున్నా చిట్టా చిట్టాయే. చిక్కంతా ఎక్కించే దగ్గరే వస్తుంది.

నేను నాంపల్లి స్టేషన్ రిజర్వేషన్‌లో చేరినప్పుడు ఒక్కో బండికి ఒక్కో రిజిస్టరు ఉండేది. మద్రాసు బండి పుస్తకం ఏ కౌంటర్లో ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా లాభం లేదు. తిరుగు టికెట్టు కావాలంటే అవతలి ఊరికి తంతి కొట్టి జవాబు కోసం కాచుకోవడమే. 1994లో సికింద్రాబాద్‌లో కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాయి. అప్పట్నుంచి ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టికెట్టు. బండ్లు పెరగలేదు, పట్టాలు పెరగలేదు. పుస్తకాలు కలిశాయి, అంతే. వరుసలో నిలబడేవాళ్ల బతుకు మారిపోయింది. వెయిటింగ్ లిస్టు ఖరారయ్యే అవకాశం ఎంతో ఇప్పుడు ఫోనే చెబుతోంది. మా కాలంలో అది సీనియర్ గుమాస్తా ముఖం చూసి తెలుసుకునేవాళ్లు!

కలిపితే వచ్చే లాభం ఆ పుస్తకాలాయనకూ ఉంది. ఆయనకు కొట్టు లేదు, జామీను ఉండేవాడు లేడు, బ్యాంకు మెట్లెక్కే ధైర్యం లేదు. ఇప్పుడు ఆ పెట్టెలో పడే పద్దులు చూసి చిన్న వ్యాపారులకు అప్పిచ్చే కంపెనీలు వచ్చాయి. మంచిదే. కానీ నువ్వు రేపు అలాంటి కంపెనీలో చేరి లెక్క కట్టే సూత్రం రాశావనుకో. రోజూ అమ్మకాలుంటేనే నమ్మకమైన వ్యాపారి అని రాస్తే ఈయన ఏమవుతాడు? వారంలో ఆరు రోజులు సున్నా. ఆదివారం వాన పడితే ఏడో రోజూ సున్నా. ఆయన ఆదివారం మనిషని తెలియాలంటే ఆబిడ్స్‌లో ఒక ఆదివారం నడవాలి.

లెక్కలకూ మన నాంపల్లికీ సంబంధం పాతదే. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు హైదరాబాద్ రాజ్యమంతటా ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఆ ఖర్చు రాబట్టడానికి ఇక్కడి వస్తువులతో పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. మూలధనం రెండున్నర రూపాయలు, స్టాళ్లు వంద దాకా. అదే మన నుమాయిష్. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. నువ్వు చిన్నప్పుడు జెయింట్ వీల్ దిగనని ఏడ్చిన సంత, లెక్కలు రాయడానికి చందా కోసం పుట్టింది!

ఇక అసలు సంగతి. 2014 ఆగస్టు 19 నీకు గుర్తుండదు. సమగ్ర కుటుంబ సర్వే రోజు. కొట్లు మూసి, బస్సులు ఆపి, ఊరంతా ఇళ్లలో కూర్చుంది. దాదాపు నాలుగు లక్షల మంది సిబ్బంది ఒక్కరోజులో కోటికి పైగా కుటుంబాలను చుట్టేశారు. ఆ వివరాలతోపాటు రకరకాల శాఖల రికార్డులను కలిపి తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థ తయారుచేసింది. వాహనం ఎవరికుంది, ఆస్తి ఎవరికుంది, రేషన్ కార్డు ఎవరికుంది, అన్నీ ఒక మనిషి పేరు కిందికి. మా నాన్న ఆవర్జాయే, రాష్ట్రమంత వెడల్పున. అనర్హులను ఏరడం దాని పని. ఏరింది కూడా. అయితే అర్హులూ ఆ జల్లెడలోంచి జారిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. మన నగరంలోనే రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి, దగ్గరి పేరున్న ఇంకెవరిదో కారు అంటగట్టి కార్డు తీసేసిన ఉదంతం పత్రికల్లో చదివాను.

ఎందుకలా జరుగుతుందో నా మీదే చూపిస్తాను. నా సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు ముందుంది. బ్యాంకులో చివరికెళ్లింది. ఆధార్‌లో పొడి అక్షరమే మిగిలింది. ఒక ఆఫీసులో ఈ ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను. చివరికి నోటరీ చేసిన కాగితం నేను నేనేనని ఒప్పుకుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కె, ఎస్, హెచ్‌తో రాసేవాళ్లున్నారు. మహ్మద్‌కి ఎన్ని స్పెల్లింగులో నాంపల్లి కోర్టు గుమాస్తాలను అడుగు. యంత్రం "ఇంత శాతం పోలిక ఉంటే ఒకే మనిషి" అని గీత గీస్తుంది. గీత కిందికి దించితే ఇద్దరు ఒకరైపోతారు. పైకి జరిపితే ఒక్కరే ముగ్గురవుతారు, నాలాగా. మా నాన్నకూ ఈ చిక్కు వచ్చేది. ఖాతా తేడా పడితే మర్నాడు ఆ మనిషినే కొట్టుకు పిలిచి అడిగేవాడు.

పద్దుల్లో ఉన్నదానితో ఎంతవరకు తేల్చగలం అన్నచోట మీ పాఠాల్లో సి.ఆర్. రావు పేరు వస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లినవాడు. 1945లో, పాతికేళ్లకే, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దు ఉందని నిరూపించాడు. సమాచారంలో ఉన్నంతే పిండగలం. ఎంత తెలివైన సూత్రం రాసినా ఆ హద్దు దాటదు. దాన్ని పరీక్ష కోసం చదివేటప్పుడు ఆ రిక్షా ఆయనను కూడా తలుచుకో.

ఇప్పుడు నీకో పని. నీ ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం, ఇంటి రేషన్ కార్డు ముందేసుకుని నీ పేరు, నాన్న పేరు ఎలా ఉన్నాయో ఒక్క చుక్క మార్చకుండా రాసుకో. ఆ నాలుగూ నీవేనని పట్టుకునే నియమం ఒకటి తయారుచెయ్. తర్వాత ఆ నియమాన్నే మీ హాస్టల్లో నీ పేరున్న ఇంకో అమ్మాయి కాగితాల మీద నడిపి చూడు, ఆమెను అడిగి. ఏమైందో ఫోన్లో చెప్పకు, ఉత్తరం రాయి. ఇది రేపు ఆబిడ్స్ జీపీఓలో నా చేత్తోనే వేస్తాను.

సంక్రాంతికి వస్తావుగా. నుమాయిష్ ఉంటుంది. అమ్మమ్మకి మాత్రం ఇవాళే చెప్పాను, నువ్వు ఆవర్జా రాయడం నేర్చుకుంటున్నావని. "అయితే గుమాస్తా ఉద్యోగమా?" అంది.

తాతయ్య